తాత్కాలిక ప్రభుత్వంలో మనవాళ్లు: ఎవరి కోటాలో కూర్చున్నారు?



ఎక్కడ కొత్త మంత్రివర్గం ఏర్పడినా ఆ సాయంత్రానికల్లా మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక పట్టిక తిరుగుతుంది. ఓసీలు ఇంతమంది, బీసీలు ఇంతమంది, ఎస్సీలు ఇద్దరు, ఎస్టీ ఒకరు, మైనారిటీ ఉంటే ఒకరు లేకపోతే సున్నా. కింద ఒకరు దండం బొమ్మ పెడతారు, ఇంకొకరు కోపం బొమ్మ పెడతారు. రాత్రి పదింటికల్లా చర్చ సద్దుమణుగుతుంది. పట్టిక వేయొద్దని నేననను, నేనూ వేస్తాను. అయితే అందులో ఒక గడి ఎప్పుడూ కనపడదు. ఆ ఇద్దరినీ ఎంచిందెవరు? రేపు వాళ్లు నోరు తెరిస్తే ఎవరి అనుమతితో తెరవాలి? ఈ భాగం ఆ గడి గురించే. దానికోసం 1946కి వెళ్దాం.

1946కే ఎందుకంటే, ఉత్త లెక్కే చూసుకుంటే మనకు అంతకన్నా మంచి మంత్రివర్గం దొరకదు. ఆ ఏడాది అక్టోబరు చివరికి ఢిల్లీలో ఉన్న తాత్కాలిక ప్రభుత్వంలో సభ్యులు 14 మంది. అందులో ఇద్దరు దళితులు. 1941 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం సుమారు 39 కోట్లు, షెడ్యూల్డ్ కులాలు దాదాపు 5 కోట్లు. అంటే జనాభాలో నూటికి పన్నెండు పదమూడు, మంత్రివర్గంలో నూటికి పద్నాలుగు. ఇచ్చిన శాఖలు కూడా మిగిలిపోయినవి కావు. జగ్జీవన్ రామ్‌కు కార్మిక శాఖ, జోగేంద్రనాథ్ మండల్‌కు న్యాయశాఖ. ఇవాళ్టి పట్టికలో పెడితే అందరం దండం బొమ్మే పెడతాం.

అయినా ఆ జాబితాలో బాబాసాహెబ్ అంబేద్కర్ లేరు. ఇంకో మాట, ఆ ఇద్దరిలో ఒక్కరు కూడా దళితుల తరఫున రాలేదు. ఒకరు కాంగ్రెస్ వాటాలో వచ్చారు, ఇంకొకరు ముస్లిం లీగ్ వాటాలో వచ్చారు. దళితుల వాటా అని ఒకటి ఆ పంపకంలో లేనే లేదు.

అసలు ఆ కుర్చీ అంతకుముందు ఎలా ఉండేదో చూడండి. 1942 జూలైలో అంబేద్కర్ వైస్రాయ్ కార్యవర్గంలో కార్మిక సభ్యుడయ్యారు. అదే నెలలో నాగపూర్‌లో షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ పుట్టింది. అంటే కుర్చీ ఎక్కిన మనిషికి వెనక సొంత సంస్థ ఉంది, సొంత జెండా ఉంది. కూర్చోబెట్టింది తెల్లదొరే, అందులో దాచాల్సిందేమీ లేదు. ఎదుటివాళ్లు ఎనభై ఏళ్లుగా ఎత్తిపొడిచేదీ ఆ మాటే. కానీ ఆ నాలుగేళ్లలో ఏ సవర్ణ పార్టీ అధ్యక్షుడి గుమ్మం దగ్గరా ఆయన నిలబడాల్సిన పని పడలేదు. దాని ఫలితం ఏమిటో విద్యార్థులకు నేను వేరే చెప్పాలా? చేరీ చేరగానే దళితుల కష్టాల మీద వైస్రాయ్‌కు వినతిపత్రం ఇచ్చారు. 1943లో కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డ్ కులాలకు 8.33 శాతం వచ్చింది. 1946 జూన్‌లో అది 12.5 అయింది. మన పిల్లలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. హాస్టల్ మెస్ బిల్లు కట్టలేక, బకాయిలు ఎప్పుడు విడుదలవుతాయా అని ఇవాళ మీరు ధర్నా చేస్తున్న ఆ స్కాలర్‌షిప్ వేరు అక్కడుంది. కార్మికుల వైపు చూస్తే వారానికి 48 గంటల పని, ప్రభుత్వమూ యజమానులూ కార్మికులూ ఒక బల్ల దగ్గర కూర్చునే త్రైపాక్షిక సమావేశాలు, 1946 ఏప్రిల్‌లో సభ ముందుకొచ్చిన కనీస వేతనాల బిల్లు.

ఆ కుర్చీ 1946 వేసవిలో మాయమైంది. ఎలా మాయమైందన్నదే అసలు కథ.

మార్చిలో బ్రిటిష్ క్యాబినెట్ మిషన్ దిగింది. ముగ్గురు మంత్రులు: పెథిక్ లారెన్స్, క్రిప్స్, అలెగ్జాండర్. ఏప్రిల్‌లో అంబేద్కర్‌ను కలిశారు, విన్నారు, తలలూపారు. మే 16న ప్రకటన ఇచ్చారు. అందులో ఈ దేశంలో గుర్తించాల్సిన ప్రధాన సముదాయాలు మూడే: ముస్లింలు, సిక్కులు, మిగతా అందరూ కలిపి 'జనరల్'. ఐదు కోట్ల మందిని ఆ జనరల్ అనే మూటలో కట్టేశారు. ఊరి బావి దగ్గర మనం జనరల్ కాదు. గుడి మెట్ల దగ్గర జనరల్ కాదు. ఓట్లు లెక్కించేటప్పుడు, సీట్లు పంచేటప్పుడు మాత్రం జనరల్.

జూన్ 16న వైస్రాయ్ వేవెల్ 14 మందిని పేర్లు పెట్టి పిలిచాడు. జగ్జీవన్ రామ్ పేరుంది, అంబేద్కర్ పేరు లేదు. అప్పుడు మొదలైంది పెద్ద పంచాయితీ. దేని మీద? కాంగ్రెస్ తన వాటాలో ఒక ముస్లింను పెట్టుకోవచ్చా లేదా అని. ముస్లింను ఎంచే హక్కు లీగ్‌దే అంటాడు జిన్నా. మేం అన్ని మతాల వాళ్లం, మా ఇష్టం అంటుంది కాంగ్రెస్. చివరికి జూన్ 25న కాంగ్రెస్ ఆ తాత్కాలిక ప్రభుత్వంలో చేరేది లేదని తేల్చేసింది. ఒక ముస్లిం ప్రతినిధిని ఎవరు ఎంచాలన్న ఒక్క ప్రశ్న మీద ఒక ప్రభుత్వమే ఆగిపోయింది!

అది అంత పెద్ద ప్రశ్నే, నేను కాదనను. ప్రతినిధిని ఎంచే హక్కే రాజకీయమని రెండు పక్షాలకూ బాగా తెలుసు. తెలుసు కాబట్టే మొండికేశారు. మరి అంటరానివాళ్ల ప్రతినిధిని ఎవరు ఎంచాలన్న ప్రశ్న మీద ఢిల్లీలో ఒక్క రోజైనా ఏదైనా ఆగిందా? ఆగలేదు. పైగా చూడండి. మైనారిటీలకు కేటాయించిన స్థానాల్లో ఖాళీ వస్తే ఏం చేస్తారని జిన్నా అడిగాడు. ఆ నలుగురు మైనారిటీల్లో షెడ్యూల్డ్ కులాలూ ఉన్నాయి. జూన్ 20న వేవెల్ ఇచ్చిన జవాబు సారాంశం: రెండు ప్రధాన పార్టీలనూ సంప్రదించి నింపుతాను. కుర్చీ దళితుడిది, ఖాళీ అయితే అడిగేది నెహ్రూనూ జిన్నానూ. ఆ కులాలను అడగాలన్న ఊహ కూడా ఆ ఉత్తరం రాసిన చేతికి తట్టలేదు. కాంగ్రెస్ వాళ్లకు అసలు అభ్యంతరమే వేరు. షెడ్యూల్డ్ కులాలను మైనారిటీ అనడమే వాళ్లకు నచ్చలేదు, హిందువుల్లో భాగమంటారు.

బేరం కుదరక వేవెల్ జూన్ చివర్లో ఆపద్ధర్మ ప్రభుత్వాన్ని ప్రకటించాడు. కమాండర్ ఇన్ చీఫ్ ఆకిన్‌లెక్‌తో సహా అంతా అధికారులే. రాజకీయ సభ్యులందరూ దిగిపోయారు, వాళ్లతో పాటు అంబేద్కర్ కూడా. నాలుగేళ్ల పాటు ఐదు కోట్ల మందికి ఢిల్లీలో ఉన్న ఒకే ఒక్క సొంత కుర్చీ ఏ చర్చా లేకుండా, ఏ ఓటూ లేకుండా, 'తాత్కాలికం' అనే మాట కింద పోయింది. రెండు నెలల తర్వాత అధికారులు లేచి రాజకీయులు కూర్చున్నారు. మన కుర్చీ మాత్రం మనది మనకు తిరిగి రాలేదు.

సెప్టెంబరు 2న నెహ్రూ నాయకత్వంలో ప్రమాణం చేసిన జట్టును చూడండి. నెహ్రూ, పటేల్, రాజేంద్రప్రసాద్, రాజాజీ, శరత్ చంద్ర బోస్, అసఫ్ అలీ, జాన్ మథాయ్, బల్దేవ్ సింగ్, భాభా, షఫాత్ అహ్మద్ ఖాన్, అలీ జహీర్, జగ్జీవన్ రామ్. ఆదివాసీ ఒక్కరూ లేరు. మహిళ ఒక్కరూ లేరు. (తెలుగువాడూ లేడు, దాని మీద ఎవరైనా బాధపడదలిస్తే పడవచ్చు, నాకంత బాధ లేదు.) అంబేద్కర్ లేచిన కార్మిక శాఖ కుర్చీలోనే 38 ఏళ్ల జగ్జీవన్ రామ్‌ను కూర్చోబెట్టారు. అది యాదృచ్ఛికమని మీరు నమ్మితే నమ్మండి.

ఇక్కడ బాబూజీని తిట్టే పోస్టు కోసం ఎదురుచూస్తున్న వాళ్లను నిరాశపరుస్తాను. ఆయన చేతకానివాడు కాడు. పారిశ్రామిక వివాదాల చట్టం, కనీస వేతనాల చట్టం, ఈఎస్‌ఐ చట్టం ఆయన హయాంలోనే వచ్చాయి. నా గొడవ మనిషితో కాదు. ఆయనను పంపిన చేతితో.

ఇప్పుడు ఎదుటివాళ్ల అసలు వాదన. "ఎన్నికల్లో మీ ఫెడరేషన్ గెలిచిందెన్ని? 151 రిజర్వుడు సీట్లలో రెండు. రెండు సీట్ల పార్టీని ప్రభుత్వంలోకి ఎలా పిలుస్తారు?" క్యాబినెట్ మిషన్ పట్టుకున్న కర్ర అదే, నేటికీ చరిత్ర పుస్తకాల్లో తిరుగుతున్న కర్రా అదే. రెండే, నిజమే. ఒకటి బెంగాల్లో, ఒకటి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో. ఆ రెండు ఎలా వచ్చాయో, మిగతావి ఎలా పోయాయో కూడా చెప్పాలి కదా.

1932 సెప్టెంబరు 24 పూనా ఒప్పందం ప్రకారం రిజర్వుడు సీటుకు రెండు మెట్లు. మొదటి మెట్టు ప్రైమరీ. అందులో అంటరాని కులాల ఓటర్లు మాత్రమే ఓటేసి నలుగురిని ఎంచుతారు. రెండో మెట్టులో ఆ నలుగురిలో ఒకరిని ఊరంతా కలిసి గెలిపిస్తుంది. ఊరంతా అంటే ఎవరో మీకు తెలుసు. మాలపల్లె, మాదిగగూడెం ఓట్లు ఒక వైపు, దొర గడీ, కరణం, పెద్ద రైతు, కోమటి, వాళ్ల కింద పనిచేసే వాళ్లందరి ఓట్లు ఇంకో వైపు. పైగా అప్పట్లో ఆస్తి, చదువు ఉన్నవాళ్లకే ఓటు, అందరికీ లేదు. భూమి లేని కులాల్లో ఎంతమందికి ఓటుంటుంది? గూడెం మెచ్చిన మనిషిని ఊరు ఓడించగలదు. ఊరు మెచ్చిన మనిషిని గూడెం ఓడించలేదు. ప్రైమరీలో దళిత ఓటర్లు ఏమన్నారో చూడండి, తుది ఫలితం చూసి మా బలం లెక్కకట్టకండి అని అంబేద్కర్ ఢిల్లీకీ లండన్‌కూ మొత్తుకున్నది అందుకే. ఎన్నిక పద్ధతి మన గొంతు నొక్కింది. తర్వాత అదే ఎన్నిక ఫలితం చూపించి, మీకు గొంతే లేదన్నారు.

తాత్కాలిక మంత్రివర్గం పేర్ల జాబితా ఢిల్లీలో 1946లో రాశారనుకుంటాం. సగం ఎరవాడ జైల్లో 1932లోనే రాసి ఉంది.

ఫెడరేషన్ ఊరుకోలేదు. జూలైలో పూణేలో శాసనసభ ముందు సత్యాగ్రహం చేశారు, వేలమంది అరెస్టులకు సిద్ధపడ్డారు. మన పాఠ్యపుస్తకాల్లో 1946 అంటే నావికుల తిరుగుబాటు ఉంటుంది, ప్రత్యక్ష చర్య దినం ఉంటుంది. ఇది ఉండదు.

అక్టోబరులో లీగ్ మనసు మార్చుకుని ప్రభుత్వంలో చేరింది. శరత్ బోస్, షఫాత్ అహ్మద్ ఖాన్, అలీ జహీర్ తప్పుకోగా ఐదుగురు లీగ్ తరఫున వచ్చారు. లియాఖత్ అలీ ఖాన్, చుంద్రీగర్, నిష్తర్, గజన్‌ఫర్ అలీ ఖాన్, ఐదో పేరు జోగేంద్రనాథ్ మండల్. అందరూ నోరెళ్లబెట్టారు. ముస్లిం లీగ్ వాటాలో నామశూద్రుడు! కాంగ్రెస్ అసఫ్ అలీని పెట్టుకుంది కాబట్టి నేను ఒక హిందూయేతరమని చెప్పుకునే దళితుణ్ని పెడతాను చూడు అన్నది జిన్నా ఎత్తు. పేకాటలో ఎదుటివాడి ముక్క మీద ముక్క.

మండల్ ఉత్త పేకముక్క మాత్రం కాదు. బారిసాల్ జిల్లాలో పుట్టిన ఈ మనిషి 1937లో రిజర్వుడు కాని జనరల్ సీటులో కాంగ్రెస్ అభ్యర్థిని ఓడించాడు. బెంగాల్లో ఫెడరేషన్ నిలబెట్టాడు. 1946లో ఆ రెండు సీట్లలో ఒకటి ఆయనదే. బొంబాయిలో దారులన్నీ మూసేసినప్పుడు అంబేద్కర్‌ను బెంగాల్ నుంచి రాజ్యాంగ సభకు పంపించడంలో ముందు నిలబడ్డది ఆయనే. ఆయన చేయి లేకపోతే రాజ్యాంగం రాసిన చేయి ఆ సభలో అడుగుపెట్టేది ఏ దారినో ఆలోచించండి. అలాంటి మనిషి కూడా ఢిల్లీ మంత్రివర్గంలోకి రావాలంటే ఇంకొకరి కోటా కావాల్సి వచ్చింది. విభజన తర్వాత పాకిస్తాన్ తొలి న్యాయ, కార్మిక మంత్రి అయ్యాడు. 1950లో తూర్పు బెంగాల్లో తన జనం మీద దాడులు జరుగుతుంటే ఆ మంత్రి పదవి ఆయనకు ఒక్క పోలీసు స్టేషన్ మీద కూడా పట్టు ఇవ్వలేదు. అక్టోబరు 8న రాజీనామా రాసి ఇండియాకు వచ్చేశాడు. ఆయనను పాకిస్తాన్ ద్రోహి అంది, ఇండియా ద్రోహి అంది.

మనలో ఒక సామెత ఉంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్వాలేదని. సామెత చెప్పినవాళ్లకు బంతిలో చోటు ఖాయం, ఎక్కడ కూర్చోవాలన్నదే వాళ్ల బెంగ. 1946లో మనకు బంతిలో ముందు వరసలోనే రెండు ఆకులు వేశారు. వడ్డించేవాళ్లు మాత్రం ఇద్దరూ పరాయివాళ్లే.

హైదరాబాదులోనూ ఇదే జరిగింది. 1947 నవంబరులో నిజాం ఏడాది కాలానికి యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. ఆ సందు కాలంలో ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గంలో బి.ఎస్. వెంకటరావు విద్యామంత్రి. సికింద్రాబాద్ గల్లీల నుంచి ఆది హిందూ ఉద్యమం కట్టిన మాల నాయకుడు. దళిత పిల్లల చదువుకు కోటి రూపాయల నిధి అంటే ఇప్పటికీ పెద్దవాళ్లు ఆయన పేరే చెబుతారు. అదే నవంబరులో అంబేద్కర్ నిజాం పక్షాన నిలబడొద్దని షెడ్యూల్డ్ కులాలకు బహిరంగంగా చెప్పారు. పదినెలలు తిరక్కుండానే పోలీస్ చర్య వచ్చింది, ఆ మంత్రివర్గమే పోయింది. వెంకటరావును నిజాం తొత్తు అనేవాళ్లను ఒక్కటి అడుగుతాను: అప్పుడు హైదరాబాదులో దళితుడిని తన వాటాలో కాక, దళితుల వాటాలో మంత్రిని చేస్తానన్న పార్టీ పేరు ఒక్కటి చెప్పండి.

"1947 ఆగస్టు 15న అంబేద్కర్‌ను న్యాయమంత్రిని చేసింది ఎవరు?" అని కూడా అంటారు. చేశారు. హిందూ కోడ్ బిల్లును మూలన పడేసినప్పుడు 1951 సెప్టెంబరులో ఆయన రాజీనామా చేసి బయటికి నడిచారు. పిలిచి కూర్చోబెట్టిన ఇంట్లో ఎంతవరకు మాట్లాడొచ్చో ఆ నాలుగేళ్లు చెబుతాయి.

ఇక జగ్జీవన్ రామ్ కథ 1946తో అయిపోలేదు. అంబేద్కర్‌కు బదులు ఎంచుకున్న ఆ యువకుడు మూడు దశాబ్దాలకు పైగా ఢిల్లీలో దాదాపు ప్రతి ముఖ్యమైన శాఖా చూశాడు. కార్మిక, రైల్వే, వ్యవసాయం, బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు రక్షణ. ఎవరో ఎంచితే వచ్చే మంత్రిగా ఆయన ఎవరికీ ఇబ్బంది కాలేదు. 1979లో మొదటిసారి ఇతరులను ఎంచే కుర్చీ దాకా వచ్చాడు. జూలై 15న మొరార్జీ రాజీనామా. 28న చరణ్ సింగ్ ప్రధాని. ఆగస్టు 20న, లోక్‌సభ ముఖం ఒక్క రోజైనా చూడకుండానే ఆయనా రాజీనామా. అప్పటికి సభలో అతి పెద్ద పక్షం జనతా, దాని నాయకుడు జగ్జీవన్ రామ్. నాకు అవకాశం ఇవ్వండి, బలం చూపిస్తానన్నాడు. రాష్ట్రపతి అవకాశం ఇవ్వలేదు. ఆగస్టు 22న లోక్‌సభను రద్దు చేశాడు. సభను ఎదుర్కోని మనిషిని జనవరి దాకా ఆపద్ధర్మ ప్రధానిగా ఉంచాడు.

ఆ రాష్ట్రపతి అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి. ఆ ఆపద్ధర్మ మంత్రివర్గంలో పరిశ్రమల మంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి. దళిత ప్రాతినిధ్యం లేదనడానికి వీల్లేదు: తమిళనాడు నుంచి సత్యవాణి ముత్తు ఉన్నారు. ఆమెకిచ్చిన శాఖ ఏమిటో ఊహించండి. సాంఘిక సంక్షేమం. పట్టిక ప్రకారం గడి నిండింది. ఒక దళితుడు ప్రధాని అయ్యే దారి మూసిన ప్రభుత్వంలోనే ఒక దళిత మంత్రి. తెలుగు పత్రికల్లో సంజీవరెడ్డి మీద వచ్చే వ్యాసాల్లో ఆయన స్పీకర్ పదవీ, 1969 ఓటమీ, ఏకగ్రీవ ఎన్నికా ఉంటాయి. ఆగస్టు 22 ఒక వాక్యంలో దాటిపోతుంది, రాజ్యాంగపరమైన నిర్ణయం అంటూ.

తాత్కాలికమే కదా, ఆరు నెలలే కదా అని తేలిగ్గా తీసుకోకండి. దేశ విభజనకు ఒప్పుకున్నది 1946 నాటి తాత్కాలిక ప్రభుత్వ నాయకులే. ముఖ్యమైన నిర్ణయాలు తీసుకోకూడదన్న 1979 ఆపద్ధర్మ ప్రభుత్వం అక్టోబరులో విచారణ లేకుండా జైల్లో పెట్టే ఆర్డినెన్సు తెచ్చింది. ఢిల్లీలో ఎవరు ఎవరిని లోపలికి రానిస్తారన్నది ఇలాంటి సందు కాలాల్లోనే తేలిపోతుంది, తర్వాత అదే ఆనవాయితీ అవుతుంది.

యూనివర్సిటీల్లో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ దగ్గరి సంగతి ఒకటి. మీ క్యాంపస్‌లో ఏదో సమస్య వస్తుంది, రాత్రికి రాత్రి జేఏసీ పుడుతుంది, అదీ తాత్కాలికమే. కన్వీనర్ ఫలానా సంఘం, కో-కన్వీనర్లు ఫలానా ఫలానా. "అంబేద్కర్ సంఘం నుంచి కూడా ఒకరు ఉండాలి" అని ఎవరో అంటారు. వెంటనే ఇంకెవరో "మా సంఘంలోనే ఎస్సీ కామ్రేడ్ ఉన్నాడు కదా, అతన్ని పెడదాం" అంటారు. బ్యానర్ మీద ఫోటో పడుతుంది, చర్చలకు వెళ్లినప్పుడు వీసీ చాంబర్లో నాలుగో వరస కుర్చీ దొరుకుతుంది. ఆ కామ్రేడ్ మీద నాకు కోపం లేదు, జగ్జీవన్ రామ్ మీద లేనట్టే. కానీ ఆ రాత్రి మీరు అడగాల్సింది ఒకటుంది. మా మనిషిని మా జనరల్ బాడీ ఎంచుతుందా, మీ కమిటీ ఎంచుతుందా? మీ కమిటీయే అంటే, జేఏసీ బయట నిలబడి మీ డిమాండ్ల పత్రం మీరే రాసుకుని మీ సంతకంతో ఇవ్వండి. 1946లో పూణేలో చేసింది అదే.

వచ్చే భాగంలో మండల్ 1950 రాజీనామా లేఖ. చాలామంది దాన్ని ముస్లింల మీద ఫార్వర్డ్ చేయడానికే వాడుకుంటున్నారు. పూర్తిగా చదివితే అందులో ఇంకా చాలా ఉంది.